తక్కువ ఖర్చుతో వంటగదిలో వెలుతురు పెంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గదిలో బల్బు బాగానే వెలుగుతోంది. అయినా గట్టు మీద పని చేస్తుంటే సరిగ్గా కనిపించడం లేదు. ఎందుకు?

చాలా వంటగదుల్లో దీపం ఒక్కటే ఉంటుంది, అదీ కప్పు మధ్యలో ఉంటుంది. పని చేసే గట్టు మాత్రం గోడను ఆనుకుని ఉంటుంది. కూరగాయలు తరిగేటప్పుడు మనం దీపానికి వీపు పెట్టి నిలబడతాం కాబట్టి మన తల, భుజాల నీడ సరిగ్గా కత్తి ఆడే చోటే పడుతుంది. రెట్టింపు వెలుగునిచ్చే బల్బు పెట్టినా ఆ నీడ అక్కడి నుంచి కదలదు. పైగా గదిలో మిగతా భాగమంతా మరింత వెలిగి, దాని పక్కన గట్టు ఇంకా మసకగా ఉన్నట్టు తోస్తుంది.

మీ ఇబ్బంది నీడ వల్ల వచ్చిందా, వెలుతురు చాలక వచ్చిందా అన్నది తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చీకటి పడ్డాక గట్టు మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద సన్నని అక్షరాలున్న పొట్లం ఏదైనా పెట్టి, రోజూ నిలబడే చోటే నిలబడి చదవండి. తరువాత ఒకటి రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ చూడండి. జరగగానే కాగితం తెల్లబడి అక్షరాలు తేటపడితే దీపం ఉన్న చోటు తప్పన్నమాట. జరిగినా కాగితం బూడిద రంగులోనే ఉండిపోతే గదికే వెలుతురు చాలడం లేదు. నేను చూసినంతలో మొదటి ఇబ్బందే ఎక్కువ, కాని అందరూ డబ్బు పెట్టేది రెండోదానికి. ఈ పేజీలోని సలహాలన్నీ ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవే.

ఖర్చేమీ లేకుండా ముందుగా ఏం చేయవచ్చు?

దీపాన్ని కడగవచ్చు. వంటగదిలోని దీపపు గిన్నె మీద నూనె ఆవిరి, పొగ, దుమ్ము కలిసి పల్చని పసుపు పొరగా పేరుకుంటాయి. ఆ పొర మెల్లగా, నెలల తరబడి పెరుగుతుంది కాబట్టి కంటికి పట్టదు. స్విచ్చు ఆపి, బల్బు చల్లారాక గిన్నెను విప్పి చూడండి. అడుగున చచ్చిన పురుగుల కుప్ప, వేలితో గీస్తే గీత పడేంత జిడ్డు కనిపించడం మామూలే. సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, తడి పూర్తిగా ఆరాకే తిరిగి బిగించాలి. బల్బును మాత్రం పొడి గుడ్డతో తుడవాలే తప్ప నీళ్ళు తగలనీయకూడదు.

కిటికీ అద్దాలకు, దోమతెరకు కూడా ఇదే జిడ్డు పడుతుంది. కిటికీ గూట్లో వరుసగా పేర్చిన సీసాలు, ఫ్రిజ్ మీద కప్పు దాకా ఎత్తిన డబ్బాలు అడ్డు తీస్తే పగటి వెలుగు ఎంత లోపలికి వస్తుందో మీకే తెలుస్తుంది.

బల్బు కొనేటప్పుడు వాట్లు చూడాలా, ల్యూమెన్లు చూడాలా?

ల్యూమెన్లు చూడాలి. వాట్లు ఆ బల్బు తీసుకునే కరెంటును చెబుతాయి. ల్యూమెన్లు అది ఇచ్చే వెలుగును చెబుతాయి. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇచ్చేది. అంత వెలుగును నేటి ఎల్‌ఈడీ బల్బు 8 నుంచి 10 వాట్లకే ఇస్తుంది. ఒకే వాట్లు రాసి ఉన్న రెండు ఎల్‌ఈడీ బల్బుల మధ్య కూడా ల్యూమెన్లలో చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది కాబట్టి పెట్టె మీద ల్యూమెన్లు రాయని బల్బును నేనైతే కొనను.

నా వంటగదికి మొత్తం ఎన్ని ల్యూమెన్లు కావాలి?

ఒక చదరపు మీటరు మీద పడే ల్యూమెన్ల లెక్కను లక్స్ అంటారు. వంటగదిలో అటూ ఇటూ తిరగడానికి 100 నుంచి 200 లక్స్ సరిపోతుంది, కత్తి పట్టుకునే చోట మాత్రం 300 నుంచి 500 దాకా ఉండాలి. ఇప్పుడు 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉన్న గదిని తీసుకుందాం. వైశాల్యం 7.5 చదరపు మీటర్లు. అంతటా 200 లక్స్ కావాలంటే 1500 ల్యూమెన్లు కింది దాకా చేరాలి; దీపపు గిన్నె, కప్పు, గోడలు కలిసి ఇంచుమించు సగం మింగేస్తాయి కాబట్టి దీపం నుంచి 3000 ల్యూమెన్లు బయలుదేరాలి. అదే కప్పు దీపంతో గట్టు మీద 500 లక్స్ తేవాలంటే 7500 ల్యూమెన్లు కావాలి. అంటే 800 ల్యూమెన్ల బల్బులు తొమ్మిదీ పదీ పెట్టాలి. అన్ని పెట్టినా మన నీడ మన ముందే ఉంటుంది.

ఇదే లెక్కను గట్టుకు దగ్గరగా వేసి చూడండి. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల లోతు ఉన్న గట్టు వైశాల్యం 0.6 చదరపు మీటర్లు మాత్రమే. దానికి అర మీటరు ఎత్తున 800 ల్యూమెన్ల దీపం ఒక్కటి పెడితే, సగం వృథా పోయిందనుకున్నా, 600 లక్స్ దాటుతుంది. దూరం రెట్టింపైతే ఒక బల్బు నుంచి వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రం ఇక్కడ మనకు లాభంగా మారుతుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క దీపానికే సరిపోతుందంటే ఆ దీపం గట్టు మీదకే వెళ్ళాలి, కప్పుకు కాదు.

ఫోనులోని లక్స్ మీటరు యాప్ అంకెలను అక్షరాలా నమ్మనక్కరలేదు గాని, మార్పుకు ముందు, తరువాత అదే ఫోనుతో, అదే చోట కొలిచి పోల్చుకోవడానికి అది బాగానే పనికొస్తుంది.

పసుపు కాంతి మంచిదా, తెల్ల కాంతి మంచిదా?

కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు. 2700 అంటే పాత బల్బులాంటి పసుపు, 4000 అంటే ఎటూ మొగ్గని తెలుపు, 6500 అంటే నీలి ఛాయ ఉన్న తెలుపు. గట్టు మీదకు 4000 బాగుంటుందని నా అభిప్రాయం. వంటగది పక్క గదిలోకి తెరుచుకుని ఉండి అక్కడ పసుపు కాంతి ఉంటే 3000 ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా గదిలోని దీపాలన్నీ ఒకే రంగువి కావడం ముఖ్యం. కప్పులో 6500, అర కింద 2700 పెడితే సగం గది ఆసుపత్రిలా, సగం గది సాయంత్రంలా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. 6500 బల్బు ఎక్కువ వెలుగిస్తుందని చాలామంది అనుకుంటారు. కంటికి చురుగ్గా అనిపించడమే తప్ప, ల్యూమెన్లు సమానమైతే వెలుగూ సమానమే.

పెట్టె మీద సీఆర్ఐ అని ఉంటుంది. దాన్ని పట్టించుకోవాలా?

వంటగదిలో తప్పకుండా పట్టించుకోవాలి. ఒక దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, గరిష్ఠం 100. తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి ఉండేది నీలి కాంతినిచ్చే చిన్న డయోడు, దాని మీద పూసిన పసుపు ఫాస్ఫరు, అంటే నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మార్చే పూత. ఆ నీలి డయోడును సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. నీలం, పసుపు కలిస్తే తెలుపు అనిపిస్తుంది గాని, ఆ మిశ్రమంలో ఎరుపు పాలు తక్కువ. చవక బల్బు కింద పండిన టమాటా గోధుమ రంగుకు తిరగడానికి, ఉడికిందో లేదో రంగును బట్టి పోల్చుకోలేకపోవడానికి కారణం ఇదే. కనీసం 80 ఉండాలి. గట్టు మీది దీపానికి 90 దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా తప్పు లేదు.

గట్టు పైన అల్మారాలు ఉన్నాయి. స్ట్రిప్పు లైటును (చిన్న ఎల్‌ఈడీలు వరుసగా ఉండే సన్నని పట్టీని) సరిగ్గా ఎక్కడ అతికించాలి?

అల్మారా అడుగున, మీ వైపు అంచుకు దగ్గరగా అతికించాలి. గట్టు లోతు సాధారణంగా 60 సెంటీమీటర్లు ఉంటే అల్మారా లోతు 30 నుంచి 35 ఉంటుంది, కాబట్టి ముందు అంచున పెట్టిన దీపం దాదాపు గట్టు మధ్యకు వస్తుంది. మీ తల దానికి బయటే ఉంటుంది కాబట్టి నీడ పడే ప్రసక్తే ఉండదు.

మొదటిసారి నేను దీనికి సరిగ్గా తిరగేసి చేశాను. వైరు కనిపించకూడదన్న ఆశతో స్ట్రిప్పును వెనక మూలలో, గోడకు ఆనించి అతికించాను. స్విచ్చు వేయగానే నున్నటి టైల్స్ మీద దీపాలన్నీ చుక్కలు చుక్కలుగా ప్రతిఫలించి కళ్ళలోకి కొట్టాయి, తరిగే పలక ఉన్న చోటు మాత్రం మసకగానే ఉండిపోయింది. పీకబోతే అల్మారా అడుగున ఉన్న రంగు పెచ్చులుగా ఊడి స్ట్రిప్పుతో పాటే వచ్చింది. అందువల్ల ముందు కాగితపు టేపుతో తాత్కాలికంగా నిలిపి, రెండు మూడు రాత్రులు దాని కింద పని చేసి చూసి, ఆ తరువాతే అతికించండి.

అల్మారా ముందు అంచు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగి ఉంటే దీపం దాని చాటున దాక్కుంటుంది. లేకపోతే పాలరంగు మూత ఉన్న అల్యూమినియం చానల్ కొనండి. మూత వల్ల కొంత వెలుగు తగ్గినా చుక్కలు కనిపించవు, జిడ్డు తుడవడం తేలిక, అల్యూమినియం వేడిని లాగేస్తుంది కాబట్టి స్ట్రిప్పు ఎక్కువ కాలం మన్నుతుంది. దుకాణంలో వద్దనుకుని వదిలేసి, తరువాత విడిగా కొనుక్కునే వస్తువు ఇదే.

స్ట్రిప్పుకు ఎంత అడాప్టరు కావాలి? ఎక్కడైనా కత్తిరించవచ్చా?

స్ట్రిప్పు మీటరుకు ఎన్ని వాట్లు తీసుకుంటుందో చూసి పొడవుతో హెచ్చించి, దానికి కనీసం 20 శాతం కలపండి. మీటరుకు 9.6 వాట్ల స్ట్రిప్పు 3 మీటర్లు వాడితే 28.8 వాట్లు అవుతుంది. 36 వాట్ల అడాప్టరు తీసుకోవాలి. సరిగ్గా 30 వాట్లది పెడితే అది నిండు సామర్థ్యంతో ఎప్పుడూ వేడెక్కి ఉండి త్వరగా పోతుంది. వోల్టేజీ మాత్రం అచ్చంగా సరిపోవాలి: 12 వోల్టుల స్ట్రిప్పుకు 24 వోల్టుల అడాప్టరు తగిలిస్తే కాలిపోతుంది.

కత్తిరించడం గీత ఉన్న చోటే. మీటరుకు 60 దీపాలుండే 12 వోల్టుల రకంలో మామూలుగా మూడు దీపాలకొక గీత, అంటే 5 సెంటీమీటర్లకొకటి ఉంటుంది. 5 మీటర్లు దాటిన 12 వోల్టుల స్ట్రిప్పులో చివరి దీపాలు వెలవెలబోతాయి. అంత పొడవు కావాలంటే రెండు ముక్కలు చేసి, అడాప్టరు నుంచి ఒక్కోదానికి విడివిడిగా వైరు లాగాలి.

అతికించే ముందు చెక్కను స్పిరిటుతో తుడిచి ఆరనివ్వండి. జిడ్డు మీద ఏ జిగురూ వారం మించి నిలవదు.

గట్టు పైన అల్మారాలే లేవు. మరి ఏం చేయాలి?

గట్టు వైపు గోడ మీదే, కంటి ఎత్తుకు కాస్త పైన, ప్లగ్గు వైరు ఉన్న ఎల్‌ఈడీ ట్యూబులైటు ఒకటి బిగించండి. వెలుగు మీ ఎదుటి నుంచి వస్తుంది కాబట్టి నీడ మీ వెనక్కి పోతుంది. దీపం నేరుగా కళ్ళలో పడకుండా దాని ముందు నాలుగు వేళ్ళ వెడల్పున్న చెక్క పట్టీ అడ్డం పెడితే చాలు. చూడటానికి నాజూకుగా ఉండదు గాని, పెట్టిన డబ్బుకు వచ్చే ఫలితంలో దీన్ని మించింది నాకు కనిపించలేదు.

కప్పు నుంచి వేలాడే దీపం ఉంటే మరో ఉపాయం ఉంది. వైరును పొడవు చేయించి, గట్టు పైన కప్పుకు ఒక కొక్కెం బిగించి, దీపాన్ని అక్కడికి లాగి వేలాడదీయవచ్చు. దీపం బరువును ఆ కొక్కెం మోయగలగాలి, వైరు అతుకుకు సరైన కనెక్టరు వాడాలి.

అద్దె ఇంట్లో మేకు కూడా కొట్టనివ్వరు. దారి ఏమైనా ఉందా?

క్లిప్పుతో అంచులకు పట్టుకునే చదువు దీపం మంచి దారి. దాన్ని అర అంచుకో, కిటికీ చువ్వకో తగిలించి తలను గట్టు వైపు వంచితే పని అయిపోతుంది. ఇల్లు మారేటప్పుడు సంచిలో వేసుకుని వెళ్ళవచ్చు. గోడకు ఏదైనా అతికించదలిస్తే, లాగితే సాగి మచ్చ లేకుండా ఊడివచ్చే రకం పట్టీలు వాడండి, రంగు కొత్తగా వేసిన గోడ మీద మాత్రం వాటినీ నమ్మవద్దు.

బ్యాటరీతో నడిచే సెన్సార్ లైట్లు సరిపోతాయా?

సరుకుల అర లోపల, సింకు కింద, రాత్రి మంచినీళ్ళకు లేచినప్పుడు అవి చక్కగా పనికొస్తాయి. గట్టు మీది ప్రధాన దీపంగా వాటిని ఆశించకండి. వాటిలో చాలావరకు ఇచ్చే వెలుగు తక్కువ. పైగా చేతులు ఒకచోట నిలకడగా ఉంటే ఎవరూ లేరనుకుని ఆరిపోతాయి. అల్లం పొట్టు తీస్తూ మధ్య మధ్య మోచేయి ఊపాల్సి రావడం ఎంత విసుగో వాడినవారికి తెలుసు. తప్పదనుకుంటే, నిరంతరం వెలిగే ఏర్పాటు కూడా ఉన్న రీఛార్జి రకాన్ని ఎంచుకుని, పొయ్యి వేడికి దూరంగా పెట్టండి.

గోడలకు రంగు వేయిస్తే నిజంగా తేడా కనిపిస్తుందా?

కనిపిస్తుంది. తెల్ల రంగు తన మీద పడిన వెలుగులో 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. ముదురు బూడిద, ముదురు ఆకుపచ్చ వంటివి 10 నుంచి 20 శాతమే పంపుతాయి. గది మొత్తానికి డబ్బు చాలకపోతే కప్పుకు ముందు వేయించండి, తరువాత గట్టు వెనక గోడకు. పొగచూరిన కప్పు తెల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది, కాని ఒక తెల్ల కాగితాన్ని దానికి ఆనించి చూస్తే అసలు రంగు బయటపడుతుంది. మరీ మెరిసే రంగు దీపాన్ని అద్దంలా చూపించి కళ్ళు చెదరగొడుతుంది కాబట్టి, కడగడానికి వీలుగా ఉండి మెరుపు తక్కువగా ఉండే రకం మేలు. గట్టు రాయి నల్లదైతే దాన్ని మార్చనక్కరలేదు, దాని మీద లేత రంగు తరిగే పలక పెద్దది ఒకటి వేసుకుంటే చాలు.

ఎల్‌ఈడీ బల్బులు తరచూ పోతున్నాయి. బల్బులదేనా లోపం?

కొన్నిసార్లు బల్బులదే, చాలాసార్లు వేడిది. ఎల్‌ఈడీ దీపంలో ముందు పోయేది వెలిగే డయోడు కాదు, మెడ భాగంలో ఉండే చిన్న విద్యుత్ పరికరం. దానికి వేడి పడదు. నాలుగు వైపులా మూసిన గాజు గిన్నెలో పెడితే వేడి బయటికి పోయే దారి ఉండదు. అటువంటి గిన్నెల్లో వాడవచ్చని పెట్టె మీద రాసి ఉన్న బల్బునే కొనండి, లేదా వాట్లు తగ్గించండి. హోల్డరు వదులై చిటపటమంటున్నా బల్బులు త్వరగా పోతాయి. దాన్ని ఆలస్యం చేయకుండా మార్పించాలి.

వెలుగు అదురుతున్నట్టు అనిపిస్తోంది, తలనొప్పి వస్తోంది. ఏం చూడాలి?

ఫోను కెమెరాను దీపం వైపు తిప్పి తెర మీద చూడండి. నల్లని చారలు పాకుతూ కనిపిస్తే ఆ దీపం అదురుతోందన్నమాట. అటువంటి దీపాన్ని కత్తి వాడే చోట పెట్టకూడదు. వెలుగును పెంచి తగ్గించే పాత డిమ్మరు స్విచ్చు ఉన్న చోట డిమ్మరుకు పనికిరాని ఎల్‌ఈడీ పెట్టినా ఇలాగే అవుతుంది. అప్పుడు బల్బు కంటే ముందు స్విచ్చును మార్చడం మంచిది.

ఇంట్లో పెద్దవాళ్ళు వంట చేస్తారు. వారికి ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

వెలుతురు ఎక్కువ కావాలి, కంట్లో గుచ్చే మెరుపు తక్కువ ఉండాలి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. 20 ఏళ్ళ కంటితో పోలిస్తే 60 ఏళ్ళ కంటిలో రెటీనా దాకా చేరే వెలుగు సుమారు మూడో వంతు. కాబట్టి పిల్లలకు బాగానే కనిపిస్తోందన్న మాటతో తీర్పు చెప్పకూడదు. దీపాల మీద పాలరంగు మూతలు, గట్టు అంచున రంగు తేడా తెలిసే పట్టీ, పొయ్యి మీటల దగ్గర మంచి వెలుగు ఉండేలా చూడాలి.

కరెంటు బిల్లు పెరుగుతుందేమో?

10 వాట్ల దీపం రోజుకు 5 గంటల చొప్పున నెలంతా వెలిగినా ఒకటిన్నర యూనిట్లే. పాత 60 వాట్ల బల్బు అదే పనికి 9 యూనిట్లు తీసుకునేది. ఆ పాత బల్బు తీసేసి కప్పుకు ఒకటి, గట్టుకు ఒకటి 10 వాట్ల దీపాలు పెట్టినా 3 యూనిట్లతో సరిపోతుంది.

ఏయే పనులు సొంతంగా చేసుకోవచ్చు, ఎప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి?

బల్బు మార్చడం, ప్లగ్గుకు తగిలించే దీపం పెట్టుకోవడం, 12 లేదా 24 వోల్టుల స్ట్రిప్పు అతికించుకోవడం సొంతంగా చేసుకోవచ్చు. గోడ లోపలి వైరును తాకే పని ఏదైనా, అంటే కొత్త స్విచ్చు పాయింటు, కప్పు దీపం జరపడం, సింకు దగ్గర కొత్త ప్లగ్గు వంటివన్నీ ఎలక్ట్రీషియన్‌వే. ఖర్చు తగ్గాలంటే చిన్న చిన్న పనులన్నీ ఒక చీటీ మీద రాసి పెట్టుకుని ఒకేసారి చేయించండి.

సింకు దగ్గర నీటి తుంపరలు తట్టుకునే దీపం కావాలి. దుమ్మును, నీటిని దీపం ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ అంకె పెట్టె మీద ఉంటుంది: ఐపీ 44 కనీసం, కడగాల్సిన చోట ఐపీ 65. అడాప్టరును నీళ్ళు పడని, గాలి ఆడే చోట పెట్టాలి. ప్లగ్గు వైపు వెళ్ళే వైరును మధ్యలో కాస్త కిందికి వేలాడనిస్తే, దాని వెంట జారిన నీటి బొట్టు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పొయ్యికి నేరుగా పైన మాత్రం స్ట్రిప్పు వద్దు. ఆవిరికి జిగురు మెత్తబడి, అది ఏదో ఒక రోజు వేడి మూకుడులోకి జారుతుంది. అక్కడ చిమ్నీలో ఉండే దీపమే వాడాలి, అది పోతే దాని తయారీదారు చెప్పిన రకం బల్బునే వేయాలి.